"ఆప్షనల్" అనకండి: రోయింగ్ స్కూళ్ల ప్రిన్సిపాళ్లకు, మన తెలుగు తల్లిదండ్రులకు ఒక బహిరంగ లేఖ

ఆస్ట్రేలియాలో పడవ పందేల్లో పోటీపడే ప్రైవేట్ స్కూళ్ల ప్రిన్సిపాళ్లకు, రోయింగ్ డైరెక్టర్లకు, ఆ స్కూళ్లలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు

నమస్కారం.

నేను సిడ్నీలో పదమూడేళ్లుగా ఉంటున్నాను. ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తాను. మాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దాడు ఇప్పుడు పన్నెండో తరగతి. తొమ్మిదో తరగతి నుంచి స్కూల్ రోయింగ్ టీమ్‌లో ఉన్నాడు. చిన్నాడు ఎనిమిదో తరగతి.

పిల్లల రోయింగ్ ప్రాక్టీస్ మితిమీరిపోతోందన్న ఈ ఉత్తరం ముందు ఇంగ్లీషులోనే రాశాను. ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, మొత్తం మూడు మెయిళ్లు స్కూల్‌కి పంపాను. మొదటిదానికి "అందింది" అని జవాబొచ్చింది. రెండోదానికి పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడారు, మర్యాదగానే మాట్లాడారు. మూడోదానికి ఇప్పటికీ జవాబు లేదు. ఆ ఇరవై నిమిషాల్లో నాకు రెండు మాటలు చెప్పారు. స్కూల్ హ్యాండ్‌బుక్‌లో రాసిన పరిమితికి మించి జరిగే ప్రాక్టీసులన్నీ ఆప్షనల్, రావాలా వద్దా అన్నది పిల్లాడి ఇష్టం అన్నది ఒకటి. మీ కమ్యూనిటీ తల్లిదండ్రుల్లో ఇంకెవరూ ఈ విషయం ఎత్తలేదు అన్నది రెండోది.

మొదటి మాట నిజం కాదని చెప్పడానికి, రెండో మాట ఇకమీదట నిజం కాకుండా చూడడానికి తెలుగులో రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతిని ప్రిన్సిపాళ్లకు మళ్లీ పంపుతున్నాను. మా స్కూల్ పేరు రాయడం లేదు. ఒక కోచ్ మీదో ఒక స్కూల్ మీదో కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు ఇది. మిగతా స్కూళ్ల తల్లిదండ్రులతో మాట్లాడితే తెలిసింది, యూనిఫాం రంగు మారుతుందే తప్ప పొద్దున్నే మోగే అలారం టైం మారడం లేదు.

ఇండియాలో ఉన్న మనవాళ్లకు ఈ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాది కోనసీమలో లంక ఊరు. హైస్కూల్‌కి రోజూ గోదావరి పాయ దాటి వెళ్లేవాళ్లం. తెడ్డు వేసే మనిషి చేతులు ఎలా ఉంటాయో చిన్నప్పుడే చూశాను. అందుకే మావాడు రోయింగ్‌లో చేరతానన్నప్పుడు మా అమ్మ ఫోన్‌లో మురిసిపోయింది. ఇక్కడ ఈ ఆటకు పెద్ద చరిత్రే ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల మధ్య మొదటి పడవ పందెం 1829లో జరిగింది. ఆ సరదా ఓడలెక్కి ఇంత దూరం వచ్చింది. మెల్‌బోర్న్‌లో స్కాచ్ కాలేజ్, మెల్‌బోర్న్ గ్రామర్ స్కూళ్లు 1868లోనే యారా నది మీద తలపడ్డాయి. సిడ్నీ స్కూళ్ల "హెడ్ ఆఫ్ ది రివర్" పందెం 1893లో మొదలైంది. ఇప్పుడది పెన్రిత్‌లో, 2000 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగిన చోటే, మార్చి నెలలో జరుగుతుంది. పెద్ద పడవలో ఎనిమిది మంది తెడ్లు వేస్తారు, కాక్స్ అనే తొమ్మిదో పిల్లాడు దారి చూస్తూ లయ చెబుతాడు. దూరం 2000 మీటర్లు. ఆరు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. ఆ ఆరు నిమిషాల కోసం అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలు పిల్లల జీవితం నడుస్తుంది.

పోటీపడే వాటిలో చాలా స్కూళ్లలో పై తరగతుల ఫీజు ఏడాదికి 40 వేల డాలర్లు దాటిపోయింది. ప్రవేశ పరీక్షతో సీటిచ్చే సిడ్నీ బాయ్స్ హై లాంటి ప్రభుత్వ సెలెక్టివ్ స్కూల్ కూడా అదే పందెంలో ఉంది, అక్కడ మన పిల్లలూ ఉన్నారు. గెలిచిన స్కూల్ వెబ్‌సైట్ మొదటి పేజీలో ఆ పడవ ఫొటో ఏడాదంతా ఉంటుంది. తాతలు, తండ్రులు అదే పడవలో కూర్చున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల అభిమానాన్ని నేను తప్పు పట్టను. రోయింగ్ మా పిల్లాడికి చేసిన మేలు కూడా దాచను. ఒళ్లు గట్టిపడింది, మాట నిలబెట్టుకోవడం వచ్చింది, ప్రాణానికి ప్రాణం ఇచ్చే ఎనిమిది మంది స్నేహితులు దొరికారు. ఈ ఆట ఆపమని నేను అడగడం లేదు.

ఇక అసలు సంగతి.

మా స్కూల్ హ్యాండ్‌బుక్‌లో వారానికి ఆరు సెషన్లు మించకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఫిబ్రవరి మూడో వారంలో మా ఫ్రిజ్ మీద ఉన్న క్యాలెండర్ తీసి కూర్చుని లెక్క పెట్టాను. హ్యాండ్‌బుక్ ప్రకారం ఆరు. వాటి పక్కన బ్రాకెట్లో "ఆప్ష్" అని మావాడు రాసుకున్నవి ఇంకో నాలుగు. మొత్తం పది. గంటల్లో చూస్తే 19. ఇంటి నుంచి బోట్ షెడ్‌కి, అక్కణ్నుంచి స్కూల్‌కి తిరిగిన ఎనిమిది గంటలు వేరే.

ఆ నాలుగూ నిజంగా ఇష్టమైతేనే వెళ్లేవా? ఎర్గ్ అని ఒకటి ఉంటుంది, నేల మీద కూర్చుని లాగే రోయింగ్ మెషిన్. గొలుసు లాగిన కొద్దీ ఫ్యాన్ తిరుగుతుంది, 500 మీటర్లకు ఎంత టైం పడుతుందో ముందున్న చిన్న స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఆదివారం ఎర్గ్ ఆప్షనల్. కానీ ఆ స్క్రీన్ ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టాలి. సోమవారం పొద్దున బోట్ షెడ్ గోడ మీద అందరి టైములూ వరసగా రాసిన కాగితం ఉంటుంది. రాని పిల్లాడి పేరు పక్కన గీత ఉంటుంది. ఏమీ అనరు, తిట్టరు. ఆ గీత చాలు.

తర్వాత సీట్ రేస్ వస్తుంది. నలుగురేసి కూర్చునే రెండు పడవల్ని పక్కపక్కన పందెం పెడతారు. ఒక పడవలోంచి ఒకణ్ని, ఇంకో పడవలోంచి ఒకణ్ని అటూ ఇటూ మార్చి మళ్లీ పందెం పెడతారు. తేడా ఎన్ని సెకన్లు మారిందో చూసి ఆ ఇద్దరిలో పెద్ద పడవలో సీటు ఎవరిదో తేలుస్తారు. నాలుగు ఆప్షనల్ సెషన్లు చేసినవాడికీ చేయనివాడికీ మధ్య ఆ సెకన్లు వస్తాయి. మరి ఏ పిల్లాడు మానేస్తాడు? ఆప్షనల్ అని రాస్తే స్కూల్ రూల్ పాటించినట్టే లెక్క, సీటు పోతుందన్న భయం మాత్రం పిల్లాడిది. రూల్ రాసిన చోటే దాన్ని దాటే దారి కూడా ఉంది.

కోచ్‌ను అడిగితే ఆయన చెప్పింది కూడా అబద్ధం కాదు. "అవతలి స్కూల్ వాళ్లు పదకొండు చేస్తున్నారమ్మా" అన్నారు. అవతలి స్కూల్ తల్లి ఒకావిడ నాకు తెలుసు, గుంటూరు ఆవిడ. వాళ్ల కోచ్ మా స్కూల్ గురించి అదే చెబుతాడట.

ఇది మనకు కొత్తా? విజయవాడ, హైదరాబాద్‌లో కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో చదివినవాళ్లు ఈ లేఖ చదువుతుంటే వాళ్లకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. ఒక కాలేజీ తెల్లవారుజామున ఐదుకు స్టడీ అవర్ పెడితే పక్క కాలేజీ నాలుగున్నరకు పెట్టింది. 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ ఆ కాలేజీల్లో పిల్లల పరిస్థితి చూసి నివేదికలిచ్చాయి. పిల్లల ప్రాణాలు పోతుంటే వేసిన కమిటీలు అవి. రూల్స్ వచ్చాయి, సర్క్యులర్లు వచ్చాయి, ఆదివారం "డౌట్ క్లారిఫికేషన్" పేరుతో క్లాసులూ నడిచాయి. నేను ఇంటర్ చదివింది అలాంటి హాస్టల్‌లోనే. అలాంటి చదువు నా పిల్లలకు వద్దనే, నది పక్కన ఆడుకుంటూ పెరగాలనే ఇంత దూరం వచ్చాం. ఇక్కడ పుస్తకం బదులు తెడ్డు పెట్టారు, మిగతాదంతా నాకు తెలిసిన కథే.

దీనివల్ల ఇళ్లలో ఏం జరుగుతోందో ప్రిన్సిపాళ్లు దయచేసి ఓపికగా చదవండి.

1. నిద్ర. మావాడి అలారం 4:10కి. హోంవర్క్ అయ్యేసరికి రాత్రి పదకొండు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. మావాడికి వారంలో నాలుగు రాత్రులు ఐదు గంటలే. నేను నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకు వాడు బ్యాగ్ భుజాన వేసుకుని గుమ్మంలో ఎదురయ్యేవాడు. రాత్రంతా పని చేసి వచ్చిన నాకంటే పదిహేడేళ్ల వాడి కళ్లే ఎర్రగా ఉండేవి.

2. రోడ్డు. ఇది నేను ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు. న్యూ సౌత్ వేల్స్‌లో పదిహేడేళ్లకు, కొత్త డ్రైవర్లకిచ్చే రెడ్ పీ ప్లేట్ లైసెన్స్ వస్తుంది. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఆ లైసెన్స్ ఉన్న కుర్రాడి కారులో ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లు ఒక్కరికి మించి ఎక్కకూడదు. మంచి రూలే, పిల్లల్ని కాపాడడానికే పెట్టారు. కానీ 5:15కల్లా పడవ నీళ్లలో ఉండాలంటే ఇంటి దగ్గర 4:30కి బయల్దేరాలి. అంటే నలుగురు కలిసి ఒక కారులో ఒకరినొకరు మేల్కొలుపుకుంటూ వెళ్లే వీలు కూడా లేదు. నిద్ర చాలని పిల్లలు ఒక్కొక్కరుగా, చీకట్లో, కొత్త లైసెన్స్‌తో డ్రైవ్ చేస్తున్నారు. ఫిబ్రవరి మొదటి వారంలో మావాడు మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో కునుకు తీశాడు. పార్క్ చేసి ఉన్న కారును పొడుగునా రాసుకుంటూ వెళ్లి ఆగాడు. దెబ్బలేం తగల్లేదు. నాకు ఫోన్ చేసి మొదట అన్న మాట, "అమ్మా, ప్రాక్టీస్‌కి లేట్ అవుతుంది, కోచ్‌కి మెసేజ్ పెట్టు." నా మొదటి మెయిల్ ఆ రోజు రాసిందే.

3. ఒళ్లు. మొదటి సీజన్‌లో వాడి అరచేతుల్లో పొక్కులు చితికి ఉండేవి. అన్నంలో ఆవకాయ కలుపుకుంటే మండుతోందని చెంచా అడిగాడు. మా ఇంట్లో పప్పన్నం చెంచాతో తినడం అదే మొదలు. పొక్కులు ఆటలో భాగం, వాటి గురించి ఫిర్యాదు చేయను. నడుము సంగతి వేరు. రోయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది నడుమే అని, పక్కటెముకలకు కూడా సన్నటి పగుళ్లు వస్తాయని ఈ ఆట తెలిసిన ఏ ఫిజియో అయినా చెబుతారు. ఎదిగే వయసులో వంగి లాగడం, వంగి లాగడం, రోజుకు కొన్ని వేలసార్లు. ఫిబ్రవరిలో మావాడికి షూ లేసు కట్టుకోవడానికి వంగడం కష్టమైంది. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే సీట్ రేస్ ఉంది. స్కాన్‌లో నడుము వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. నేను నర్సుని. నా ఇంట్లో పిల్లాడి నడక మారితే నేనే కనిపెట్టలేకపోయాను, పడుకునే వేళలు కలవక. ఆ బాధ నాకు ఉంది, అది నాదే. కానీ పిల్లాడు నొప్పి దాచుకోవాల్సిన పరిస్థితి మాత్రం స్కూల్ కల్పించిందే.

4. చదువు. ఇక్కడ పన్నెండో తరగతి అక్టోబర్‌లో మొదలవుతుంది, సరిగ్గా రోయింగ్ సీజన్‌తోపాటే. హెచ్‌ఎస్‌సీ, అంటే ఇక్కడి పన్నెండో తరగతి సర్టిఫికెట్, మార్కుల్లో సగం స్కూల్లో పెట్టే అసెస్‌మెంట్లవి. అందులో మొదటి రెండు టర్మ్‌ల అసెస్‌మెంట్లు సీజన్ నడుమ పడతాయి.

5. కాక్స్ పిల్లలు. సన్నగా ఉన్నవాళ్లను కాక్స్‌గా తీసుకుంటారు, నేను చూసినంతలో మన పిల్లల్ని ఎక్కువగా అక్కడే కూర్చోబెడుతున్నారు. అంతర్జాతీయ పోటీల్లో కాక్స్ కనీసం 55 కిలోలు ఉండాలి, తక్కువుంటే ఆ తేడాకు సరిపడా బరువు పడవలో పెడతారు. అంటే కడుపు మాడ్చుకున్నందువల్ల లాభం లేకుండా చేశారు. మా స్కూల్లో అలాంటి రూల్ నాకు కనిపించలేదు. మాకు తెలిసిన ఒక పదిహేనేళ్ల పిల్లాడు సీజన్ ఆఖరి నెలలో రాత్రి అన్నం మానేసి రెండు ఖర్జూరాలు తిని పడుకునేవాడు. వాళ్లమ్మ నాతో చెప్పి ఏడ్చింది.

మార్చిలో పందెం రోజున మావాడు స్కూల్ బ్లేజర్ వేసుకుని పెన్రిత్‌లో గట్టు మీద నిలబడ్డాడు. నెలల తరబడి వాడు కూర్చున్న సీటులో ఇంకో కుర్రాడున్నాడు. పడవ ఎదురుగా వచ్చినప్పుడు అందరితో పాటు గొంతు పోయేలా అరిచాడు. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. పందేలకు తీసుకెళ్లిన పులిహోర డబ్బా మూత తీయకుండానే తిరిగొచ్చింది.

పిల్లల శిక్షణ ఎంత ఉండాలో తెలియక జరుగుతున్నది కాదు ఇది. పిల్లల వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆటలో తర్ఫీదు ఇవ్వొద్దని స్పోర్ట్స్ డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెప్పింది. అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ, పద్దెనిమిదేళ్లు దాటిన వాళ్లకే వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు గంటలు మించకూడదని 1990ల మొదటి నుంచి రూల్ పెట్టుకుంది. మావాడు పదిహేడేళ్లకు 19 గంటలు చేశాడు, హెచ్‌ఎస్‌సీ చదువుతూ.

ఆ ఎన్‌సీఏఏ రూల్‌లో ఇంకో సంగతి ఉంది, అది మనకు పనికొస్తుంది. "వాలంటరీ" అన్న మాటకు వాళ్లు అర్థం రాసిపెట్టుకున్నారు. ప్రాక్టీస్ చేద్దామని ఆటగాడే అడగాలి. వచ్చాడో లేదో కోచ్‌కి చెప్పే పని ఉండకూడదు. ఏం చేశాడో రిపోర్ట్ చేయక్కర్లేదు. రానందుకు శిక్ష, వచ్చినందుకు బహుమతి ఉండకూడదు. ఈ నాలుగూ ఉంటేనే అది వాలంటరీ, ఒక్కటి తప్పినా గంటల లెక్కలోకి వస్తుంది. అక్కడ కూడా ఈ రూల్‌ను దాటేవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. కానీ దాటినప్పుడు వేలెత్తి చూపించడానికి ఒక వాక్యమైనా ఉంది. మాకు అదీ లేదు.

ప్రిన్సిపాళ్లను నేను అడుగుతున్నవి ఇవి:

1. ఆప్షనల్ అంటే ఏమిటో హ్యాండ్‌బుక్‌లో రాయండి. హాజరు తీసుకున్నా, టైం గోడ మీద అంటించినా, గ్రూప్‌లో ఫొటో అడిగినా అది ఆప్షనల్ కాదు, వారం పరిమితిలో కలపాలి. ఇంట్లో చేసే ఎర్గ్, జిమ్, సెలవుల్లో పెట్టే క్యాంపులు, బయటి క్లబ్బులో అదే కోచ్ చెప్పే శిక్షణ అన్నీ ఆ లెక్కలోనే ఉండాలి.

2. సెషన్లు కాదు, గంటలు లెక్క పెట్టండి. సెషన్ అంటే గంటా కావచ్చు, మూడు గంటలూ కావచ్చు. పిల్లాడి వయసుకు మించని గంటలు పెట్టండి. వారానికి ఒక రోజు ఎర్గ్ కూడా లేని పూర్తి సెలవు ఇవ్వండి.

3. పోటీలో ఉన్న స్కూళ్లన్నీ ఒకే లాగ్‌బుక్ పెట్టి, వారం వారం ఒకరిది ఒకరికి, తల్లిదండ్రులకు కనిపించేలా చేయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. అవతలి వాళ్లు పదకొండు చేస్తున్నారన్న మాట పుట్టేది ఎవరి లెక్క ఎవరికీ కనబడకపోవడం వల్లే. ఏ ఒక్క స్కూలైనా తనంతట తాను తగ్గించుకోవాలంటే భయపడుతుంది, ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే అందరూ ఒకేసారి తగ్గించమంటున్నాను. అందరూ తగ్గిస్తే ఎవరూ ఓడిపోరు, మార్చిలో ఒక పడవ ఎలాగూ ముందు వస్తుంది.

4. పొద్దున ఆరు కంటే ముందు పడవ నీళ్లలోకి దించకండి. మార్చి వచ్చేసరికి డేలైట్ సేవింగ్ వల్ల సిడ్నీలో సూర్యోదయం ఏడు దగ్గరకు వెళ్తుంది. 5:15కి పిల్లలు తెడ్లు వేస్తున్నది చీకట్లో, వెనక్కి తిరిగి కూర్చుని. ఆరు తర్వాత మొదలుపెడితే ఐదు దాటాక బయల్దేరొచ్చు, నలుగురు కలిసి రావచ్చు. చీకటి నెలల్లో స్కూల్ బస్సు పెట్టండి.

5. నొప్పి చెప్పిన పిల్లాడి సీటును డాక్టర్ ఫిట్ అనేదాకా పక్కన పెట్టి ఉంచండి, తిరిగొచ్చాక సీట్ రేస్‌కి అవకాశం ఇవ్వండి. కోచ్‌కి కాకుండా స్కూల్ నర్సుకు చెప్పుకునే దారి ఉండాలి.

6. కాక్స్‌కి కనీస బరువు పెట్టండి. పిల్లల్ని అందరి ముందు తూచడం ఆపండి.

ఇందులో డబ్బు ఖర్చయ్యేది బస్సు ఒక్కటే. కొత్త కార్బన్ ఫైబర్ పడవకు తల్లిదండ్రుల దగ్గర చందాలు పోగుచేసే స్కూళ్లకు అది భారం కాదు.

ఇప్పుడు మన తెలుగువాళ్లతో.

అన్నయ్యలూ, వదినలూ, 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం 59 వేలకు పైగా ఉన్నాం. సిడ్నీలో వెస్ట్‌మీడ్‌లో, పెండిల్ హిల్‌లో, వెంట్‌వర్త్‌విల్‌లో సంక్రాంతి ముగ్గులకు, బతుకమ్మకు వందల మందిమి వస్తాం. స్కూల్ మీటింగ్‌లో మాత్రం నోరు విప్పం. నేను కూడా అంతే, మూడేళ్లు నోరెత్తలేదు. మనకు రెండు భయాలు. ఒకటి, ఫిర్యాదు చేస్తే పిల్లాడిని పక్కన పెడతారని. రెండు, "వీళ్ల పిల్లలు చదువుకే గానీ ఆటకు పనికిరారు" అంటారని. రెండో భయం ఎక్కువ బాధపెట్టేది. అందుకే మన పిల్లాడు పడవలో కూర్చున్నాడంటే గర్వంగా వాట్సాప్ స్టేటస్ పెట్టి, నాలుగింటికి లేచి బాక్సులు కడుతున్నాం.

మన మౌనాన్ని వాళ్లు మన అంగీకారం కింద రాసుకున్నారు. ఆ మాట నాకు ముఖం మీదే చెప్పారు. కాబట్టి మూడు పనులు చేయమని అడుగుతున్నాను.

ఒకటి, వచ్చే సీజన్ మొదలయ్యే వారం నుంచి మీ పిల్లల ప్రాక్టీస్ గంటలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. పడుకున్న టైం, లేచిన టైం కూడా. ఫ్రిజ్ మీద క్యాలెండర్ లేకపోతే నా దగ్గరా ఏ రుజువూ ఉండేది కాదు.

రెండు, మీ స్కూల్‌కి మీరే మెయిల్ రాయండి. నా మాటలు కాపీ చేయకండి, మీ ఇంట్లో జరిగింది రాయండి. ఇంగ్లీష్ గురించి మొహమాటపడొద్దు. మనం ఈ భాషలోనే ఉద్యోగాలు చేస్తున్నాం, ఈ భాషలోనే ఇల్లు కొన్నాం.

మూడు, పిల్లల ముందు పక్కింటి పిల్లాడి ఎర్గ్ టైం గురించి మాట్లాడడం ఆపేద్దాం. ర్యాంకుల గురించి మన అమ్మానాన్నలు మాట్లాడినట్టే మనం ఆ సెకన్ల గురించి మాట్లాడుతున్నాం. మా ఇంట్లో నేనూ మాట్లాడాను.

ప్రిన్సిపాళ్లకు చివరగా ఒక మాట. అక్టోబర్‌లో నాలుగో టర్మ్ మొదలయ్యే లోపు నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి. కుదరదు అన్నా సరే, ఏది కుదరదో ఎందుకు కుదరదో రాసి చెప్పండి. మా పెద్దాడు పడవ దిగిపోయాడు, వాడి నడుము ఇప్పుడు బాగుంది, హెచ్‌ఎస్‌సీకి చదువుకుంటున్నాడు. వాడికోసం నేను అడగడానికి ఇక ఏమీ లేదు. చిన్నాడు వచ్చే టర్మ్ నుంచి రోయింగ్‌లో చేరతానంటున్నాడు. అన్న పడవలో కూర్చున్నప్పుడు గట్టు మీద పరుగెత్తుతూ పెరిగినవాడు, వద్దనడానికి నాకు మనసొప్పదు. స్కూల్ పంపిన రోయింగ్ ఫారం మా డైనింగ్ టేబుల్ మీద ఉంది. అందులో నాలుగో పేజీలో "ఆప్షనల్ సెషన్లకు కూడా అంగీకరిస్తున్నాను" అని ఒక గడి ఉంది. ఆ గడి నేను నింపలేదు. మీ జవాబు వచ్చాక ఆ ఫారం మీద సంతకం పెడతాను.

ఇట్లు
ఒక రోయర్ తల్లి, సిడ్నీ